పురుష సంతతికి మాత్రమే: హాంకాంగ్ ఒప్పందంలో ఒక వాక్యం

1984 డిసెంబర్ 19న బీజింగ్‌లో మార్గరెట్ థాచర్, జావో జియాంగ్ సంతకాలు చేసిన ఉమ్మడి ప్రకటన గురించి చాలామంది చాలా రాశారు. 1997 జూలై 1న హాంకాంగ్ చైనా చేతికి వెళుతుంది, రక్షణ, విదేశీ వ్యవహారాలు తప్ప మిగిలినవాటిలో దానికి ఉన్నత స్థాయి స్వయంప్రతిపత్తి ఉంటుంది, అక్కడి జీవన విధానం 50 ఏళ్ళపాటు మారదు అన్నవి అందరికీ తెలిసిన వాగ్దానాలు. ఆ చర్చల్లో హాంకాంగ్ ప్రజలకు కుర్చీ వేయలేదు. సంతకాలయ్యాక హాంకాంగ్ వచ్చిన థాచర్‌ను, 50 లక్షల మందికి పైగా మనుషుల్ని ఇలా అప్పగించడం నైతికంగా సమర్థనీయమా అని పత్రికా సమావేశంలో నిలదీసింది ఎమిలీ లావ్ అనే విలేఖరి. అడిగిందీ స్త్రీయే, జవాబు చెప్పవలసి వచ్చిందీ స్త్రీయే.

నన్ను ఆపేసింది మాత్రం ఆ ప్రకటన మూడో అనుబంధంలో ఉన్న ఒక వాక్యం. భూముల కౌలు గురించిన అనుబంధం కాబట్టి సాహిత్యం చదువుకున్నవాళ్ళు అటు పోరు. 1898లో అక్కడి గ్రామంలో నివాసి అయిన వ్యక్తికి పురుష సంతతి ద్వారా వారసుడైనవాడి చేతిలో గ్రామీణ భూమి ఉన్నంతకాలం పాత శిస్తు మారదని ఆ వాక్యం చెబుతుంది. కూతురి బిడ్డలు ఆ లెక్కలోకి రారు. ఒక సామ్రాజ్యమూ ఒక సోషలిస్టు రాజ్యమూ కలిసి రాసుకుని, ఐక్యరాజ్యసమితిలో నమోదు చేసుకున్న ఒప్పందం ఇది.

1898 అనే ఏడాది ఊరికే రాలేదు. బ్రిటన్ న్యూ టెరిటరీస్ అనే గ్రామీణ ప్రాంతాన్ని 99 ఏళ్ళ కౌలుకు తీసుకున్నది ఆ సంవత్సరంలోనే. మీ ఆచారాల జోలికి రామని పాలకులు గ్రామ పెద్దలకు చెప్పారు. 1910 చట్టం చైనా ఆచారాన్ని అక్కడి భూమికి వర్తింపజేసే వీలు కోర్టులకిచ్చింది. మనుషులతో పాటు మారుతూ పోవలసిన ఆచారం అలా శాసనమై గడ్డకట్టుకుపోయింది. నగరంలో కూతుళ్ళకు 1971లో సమాన వారసత్వం వచ్చింది, గ్రామాలకు రాలేదు. పైగా 1972లో, 18 ఏళ్ళు నిండిన ప్రతి గ్రామ పురుషుడూ జీవితంలో ఒకసారి మూడంతస్తుల చిన్న ఇల్లు కట్టుకోవచ్చన్న విధానం పెట్టారు. అందుకే అక్కడ కొడుకంటే ఇంటి స్థలం కూడా. ఇందులోని వింత చూడండి. చైనాలోనే 1985 వారసత్వ చట్టం కొడుకునీ కూతుర్నీ సమానం చేసింది. ఇంగ్లీషు చట్టం సరే, కమ్యూనిస్టు చట్టం కూడా ఒప్పుకున్న హక్కు, ‘కాపాడిన’ ఆచారం కింద మాత్రం దొరకలేదు. ఆచారం పేరు చెప్పి ఆడపిల్లకు ఆస్తి లేదనడం మనకు తెలియని కథేమీ కాదు.

1994లో చర్చకు వచ్చిన ప్రభుత్వ బిల్లు గ్రామీణ భూమిని పక్కన పెట్టింది. శాసనసభ్యురాలు క్రిస్టీన్ లో దాన్ని కూడా చేర్చాలని సవరణ ప్రతిపాదించింది. న్యూ టెరిటరీస్‌లో కాలు పెడితే అత్యాచారం చేస్తామన్న బెదిరింపు వచ్చింది ఆమెకు. గ్రామ పెద్దల సంస్థ హ్యూంగ్ యీ కుక్ ఊరేగింపులు తీసింది. దాని వాదన వినదగ్గది: వెళ్ళిపోయే వలస పాలకులు మా సంప్రదాయాన్ని చెడగొడుతున్నారు, మూలచట్టం 40వ అధికరణ మా హక్కుల్ని కాపాడుతుంది. వలస వ్యతిరేక భాషలో వలస ప్రభుత్వం ఇచ్చిన సౌకర్యాన్ని కాపాడుకోవడమన్నమాట. అవతలివైపు, సోదరుల చేతా పినతండ్రి కొడుకుల చేతా ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న గ్రామ స్త్రీలు శాసనసభ ముందుకొచ్చారు. తమకు తెలిసిన పాత బాణీలకు కొత్త మాటలు కట్టి పాడారు. సంప్రదాయమూ వాళ్ళదే, ఆ సంగతి పెద్దలకు తట్టలేదు.

జూన్‌లో చట్టం సవరణతో సహా నెగ్గింది. వంశ ఉమ్మడి ట్రస్టుల భూమి జోలికి అది పోలేదు. చిన్న ఇళ్ళ విధానమూ మిగిలింది. 1995 లింగ వివక్ష నిరోధక చట్టంలో దానికి ప్రత్యేకంగా మినహాయింపు రాశారు. 2012లో అప్పటి అభివృద్ధి కార్యదర్శి కారీ లామ్ 2029 తర్వాత దాన్ని ఆపాలని సూచిస్తే గ్రామ పెద్దలు మండిపడ్డారు, సూచన అక్కడితో ఆగింది.

ఆమే 2017లో హాంకాంగ్ తొలి మహిళా పాలకురాలయ్యారు. ఆమె హయాంలోనే 2020 జూన్ 30న జాతీయ భద్రతా చట్టం స్థానిక శాసనసభ గడప తొక్కకుండా బీజింగ్ నుంచి నేరుగా వచ్చింది. 2021 మార్చిలో ఎన్నికల పద్ధతి మార్చారు: ప్రజలు నేరుగా ఎన్నుకునే స్థానాలు 70లో 35 నుంచి 90లో 20కి పడిపోయాయి. స్వయంప్రతిపత్తి వాగ్దానానికి ఇక ఏం మిగిలిందన్నది ఎవరికి వాళ్ళు లెక్క వేసుకోవచ్చు.

అదే ఏడాది నవంబర్‌లో చిన్న ఇళ్ళ కేసులో తుది అప్పీలు న్యాయస్థానం తీర్పు వచ్చింది. సమానత్వం చెప్పే 25వ అధికరణ ఉన్నా సరే, 40వ అధికరణ కాపాడే సంప్రదాయ హక్కుల్లో ఇదీ ఒకటని న్యాయమూర్తులు తేల్చారు. గ్రామంలో పుట్టిన కొడుకు 18 నిండగానే ఇంటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అతని అక్కచెల్లెళ్ళకు ఆ అర్హత లేదు.