భయం నడుమ నవ్వించే వంత
హైదరాబాద్ సంస్థానంలో, 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్యకు ముందు, కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు, అంటే మజ్లిస్ పార్టీ సాయుధ దళాలు, పల్లెలను వణికిస్తున్న నాటికే, అలాంటి బీభత్సాన్ని నవ్వుతో కలిపి చెప్పగల కథనరీతి బుర్రకథకు ఉంది. తంబుర మీటుతూ బొటనవేలి అందెతో తాళం వేసే కథకుడికి ఇరుపక్కలా గుమ్మెటలు వాయించే వంతలు నిలుస్తారు; ఒకరు వర్తమాన రాజకీయాన్ని విప్పితే, రెండోవారు హాస్యం పండిస్తారు. ఊరు తగలబడే ఘట్టంలో కథకుడి గొంతు బిగుసుకున్న క్షణాన హాస్యపు వంత ఏమీ తెలియనట్టు అడ్డుప్రశ్న వేస్తాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వు ఆగకముందే కథకుడు వారిని కాలిన గుడిసెల దగ్గరికి తిరిగి తీసుకుపోతాడు. క్రిస్ మోరిస్ సినిమా ‘ఫోర్ లయన్స్’ (2010) ఉగ్రవాదుల తెలివితక్కువతనం చూపి నవ్విస్తుంది గానీ, వంతలా కథలో పాత్ర కాకుండానే కథను ఆపగల వెసులుబాటు దానికి లేదు. నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించడానికి పాటకన్నా ఈ అడ్డుప్రశ్నలే ఎక్కువ కారణమనిపిస్తుంది.