డ్రీమ్ ఎ డ్రీమ్

డ్రీమ్ ఎ డ్రీమ్ బెంగళూరు కేంద్రంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థ. పేదరికంలో పెరిగే బాలబాలికలకు ఆటలు, కళల ద్వారా జీవన నైపుణ్యాలు అలవరచడం దీని ప్రధాన కృషి. 1999లో ఏర్పడింది, సహ వ్యవస్థాపకుల్లో విశాల్ తల్రేజా ఒకరు.

సంస్థ వాడే ఆటల్లో ముఖ్యమైనది ఫుట్‌బాల్. మేటి ఆటగాళ్లను ఏరడం కాదు, పిల్లల్లో నిబ్బరం, కలుపుగోలుతనం పెంచడం దీని ఉద్దేశం. బంతి అందివ్వడంలో తోటివారిని గమనించడం, ఓటమిని తట్టుకోవడం, గొడవను మాటలతో తేల్చుకోవడం పాఠాలవుతాయి. అందుకే ఇక్కడ శిక్షకుడి పాత్ర కోచ్ కన్నా పెద్దన్న, పెద్దక్క పాత్రకు దగ్గర.

పిల్లల్లో వచ్చే ఈ మార్పును కొలిచే సాధనం సంస్థ కృషిలో అన్నిటికన్నా విలువైనది. ఫియోనా కెన్నెడీ, డేవిడ్ పియర్సన్, లూసీ బ్రెట్-టేలర్, తల్రేజా రూపొందించిన జీవన నైపుణ్యాల కొలమానం 2014లో ప్రచురితమైంది. ఇతరులతో మెలగడం, సమస్యలను అధిగమించడం, చొరవ చూపడం, ఘర్షణను సంబాళించుకోవడం, సూచనలను అర్థం చేసుకుని పాటించడం అనే 5 అంశాలకు పిల్లలను గమనించి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ‘ఇంకా చేయలేదు’ అంటే 1, ‘సొంతంగా చేస్తుంది’ అంటే 5; మధ్య అంకెలు పెద్దల సాయం ఎంత అవసరమైందో తెలుపుతాయి. రాతపరీక్ష లేనందున చదువులో వెనుకబడినవారికీ ఇది వర్తిస్తుంది. అయితే ఫలితం గమనించేవారి నిశితత్వంపై ఆధారపడి ఉంటుంది.

ఆటల ద్వారా పేద పిల్లల్లో నిబ్బరం పెంచే ఇదే కోవలో తెలుగునాట ప్రసిద్ధమైనది సాంఘిక సంక్షేమ గురుకులాల పర్వతారోహణ శిక్షణ. అందులో తర్ఫీదు పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది.