అంతర్జాలమున తెలుగు పలుకుబడి

తెలుగున ‘పలుకుబడి’ యను మాటకు రెండర్థములు గలవు. మాటలాడు తీరు మొదటిది. పదిమందియందు చెల్లు మాటబలము రెండవది. ఎవని మాట నలుగురకు వినబడునో వానికే బలము గలుగును గాన, ఈ రెండర్థములును ఒక్క పదమునందే యిముడుట గమనింపదగినది. అయితే మాటను దూరమునకు గొనిపోవు సాధనములు కాలమునుబట్టి మాఱుచుండును. శాసనములు రాజులకును దాతలకును, తాళపత్రములు పండితులకును, అచ్చుయంత్రము సంపాదకులకును ప్రకాశకులకును ప్రధానముగా పలుకుబడి నొసగినవి. గడచిన ముప్పదియేండ్లలో అంతర్జాలము ఎవరికి, ఏ విధమున, ఎంత నిలుకడగల పలుకుబడి నొసగినదో పరిశీలించుట సారస్వత చరిత్రకు అవసరము.

ఈ పరిశీలనమునకు మదనపల్లె, పుంగనూరు పరిసరములందలి సోమలవంటి యూరు తగిన నిదర్శనము. ఇది తమిళ కన్నడ దేశముల సరిహద్దులకు దూరము కాని సీమ. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లానుండియు, మఱికొన్ని భాగములు ఉత్తరార్కాడు జిల్లానుండియు వచ్చి చేరెను. ఇచ్చటి తెలుగునకు తనదైన యాసయు, తనదైన నుడికారమును గలవు. కాని యిట్టి గ్రామమున నొకడు వ్యాసమో కథయో వ్రాసినచో దానిని టపాలో దూరపు పట్టణమునకు పంపవలసియుండెను. 1908లో బొంబాయియందు పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసున దినపత్రికయయ్యెను. భారతి 1924లో మద్రాసునందే ఆరంభమయ్యెను. ఆ పత్రికలు తెలుగువారికి చేసిన మేలు అపారము. అయినను, సంపాదకుని యంగీకారమే ద్వారము. ఆ ద్వారమును దాటని మాట వ్రాసినవాని పెట్టెలోనే యుండిపోయెడిది.

దూరపుటూరివారి మాట బయలుదేరి దేశమంతట నిండుట ఆ కాలమునను లేకపోలేదు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి, అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, తన ‘జనగణమన’ గీతమును ఆంగ్లమునకు అనువదించెను. కళాశాలాధ్యక్షుడు జేమ్సు కజిన్సు. ఆయన భార్య మార్గరెట్టు ఆ గీతపు బాణీని స్వరలిపియందు నిలుపుటకు తోడ్పడెను. 1950వ సంవత్సరము జనవరి 24వ తేదీన నిది జాతీయగీతమయ్యెను. ఒక చిన్న పట్టణమున జరిగిన పని దేశవ్యాప్తి నందుటకు మహాకవి రాకయు, ఒక విద్యాసంస్థ యాశ్రయమును, ముప్పదియేండ్ల కాలమును తోడుపడినవి. అంతర్జాలము తెచ్చిన మార్పు ఎట్టిదో ఈ పోలికవలన తెలియును.

అంతర్జాలము వచ్చినంతనే తెలుగునకు దారి దొరకలేదు. మొదట అది ఆంగ్లాక్షరముల రాజ్యము. 1990వ దశాబ్దమున అమెరికాయందలి తెలుగు విద్యార్థులు రోమనులిపిలో తెలుగు వ్రాయుటకు ఒక క్రమము నేర్పఱచిరి. రైసు విశ్వవిద్యాలయమున పుట్టుటచే దానికి ‘ఆర్‌టీఎస్’ అను పేరు వచ్చెను. తెలుగు లిపినే చూపగోరిన పత్రికలు తమతమ ఫాంటులను వేఱువేఱుగా చేయించుకొనెను. ఒకదాని ఫాంటు లేనివానికి దానిలోని వ్రాత యర్థములేని గుర్తుల కుప్పగా కనబడెడిది. ఒక పత్రికలోని వాక్యమును మఱియొకచోట వెదకుటయు సాధ్యము కాలేదు. ఇది తాటాకుల కట్టలు పెక్కు చేతివ్రాతలలో నుండినప్పటి చిక్కుకంటె పెద్దది. ఏలయన చేతివ్రాతను కన్ను పోల్చుకొనగలదు, యంత్రము పోల్చుకొనలేదు.

ఈ చిక్కును యూనీకోడు తీర్చెను. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము లభించెను. 128 సంకేతముల గడి తెలుగు లిపికై కేటాయింపబడెను. కాని సంకేతము లుండగానే సరిపోదు; వానిని చూపు ఫాంటులును, వ్రాయు పరికరములును కావలెను. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీలో ‘గౌతమి’ ఫాంటు చేరెను. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు ‘పోతన’, ‘వేమన’ అను ఫాంటులను కూర్చి వెల గొనక యిచ్చిరి. పాతఫాంటుల వ్రాతను యూనీకోడునకు మార్చు ‘పద్మ’ యను ఉపకరణమును వెన్న నాగార్జునగారు కల్పించిరి. 2006వ సంవత్సర ప్రాంతమున వీవెన్ అను నామాంతరముతో ప్రసిద్ధుడైన యువకుడు ‘లేఖిని’ని నిర్మించెను. ఆంగ్లపు మీటలు నొక్కిన తెలుగక్షరములు తెఱపై వెలయుట దీని పని. కీలుపలక నేర్వనివారికి లేఖిని యక్షరాభ్యాసమువంటిదయ్యెను.

ఈ పునాదిమీదనే బ్లాగుల కాలము లేచినది. ‘వెబ్‌లాగు’ అను పేరును 1997లో జోర్న్ బార్జరు వాడెను. 1999లో పీటరు మెర్‌హోల్జు దానిని విఱిచి ‘బ్లాగు’ చేసెను. ఆ సంవత్సరమే ‘బ్లాగరు’ అను సదుపాయము వెలసెను. దినచర్యవలె తేదీల వరుసను వ్రాసి, లోకమంతయు చదువునట్లు నిలుపు పుటయే బ్లాగు. తెలుగున 1998లోనే ‘ఈమాట’ యను సాహిత్యపత్రికయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు మొదలైయుండెను. వీనివెనుక 2005 మొదలుకొని తెలుగు బ్లాగులు గుంపులుగా వచ్చెను. వాని క్రొత్తవ్రాతల నన్నిటిని ఒకచోట చూపు ‘కూడలి’ వెలయుటతో, వేఱువేఱుచోట్ల నున్న వ్రాతగాండ్రకు ఒక రచ్చబండ దొరకినట్లయ్యెను. 2009లో పుట్టిన ‘పుస్తకము’ వంటి తావులు గ్రంథపరిచయములకే ప్రత్యేకమయ్యెను.

బ్లాగువలన పలుకుబడి పెరిగిన తీరు విచార్యము. మొదటిది క్రమము: వారమునకో పక్షమునకో తప్పక వ్రాయువాని కొఱకు పాఠకులు కాచుకొనియుండిరి. రెండవది లంకె: ఒకడు మఱియొకని వ్రాతను చూపుటచే, చూపబడినవానికి క్రొత్త పాఠకులు దొరకిరి, చూపినవాడు తెలిసినవాడను పేరొందెను. పూర్వము వ్యాఖ్యాతలు మూలకర్తను ప్రశంసించి తామును ప్రసిద్ధులైన విధమిదియే. మూడవది వ్యాఖ్య: చదివినవాడు వెంటనే మాఱుపలుకుటచే తప్పు దిద్దబడెను, ఒకప్పుడు కలహమును పుట్టెను. సంపాదకుడు లేకుండుటవలన యాసలకు స్వేచ్ఛ కలిగెను. రాయలసీమ మాటయు, తెలంగాణము మాటయు, ఉత్తరాంధ్రపు మాటయు దిద్దుబాటునకు లోనుగాక వ్రాతలోనికి వచ్చినవి. ఆ లేమివలననే యక్షరదోషములును, ఆధారములేని చరిత్రలును విస్తరించినవి. గుణదోషములు రెండును ఒక్క వేరునుండియే పుట్టినవి.

తరువాతి దశ సామాజిక మాధ్యమములది. ఫేసుబుక్కు 2004లోను, యూట్యూబు 2005లోను, ట్విట్టరు 2006లోను పుట్టినవి. వాని ప్రభావము తెలుగు పల్లెల నిండుటకు సెల్‌ఫోనులును, 2016 తరువాత అంతర్జాలపు వెల తగ్గుటయు కారణములు. ఈ దశలో వ్రాతకంటె చూపునకును మాటకును ప్రాధాన్యము హెచ్చెను. తత్ఫలితముగా అక్షరముతో పనిలేనివారికిని పలుకుబడి కలిగెను. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామపు కర్రె మస్తానమ్మ, నూఱేండ్లు దాటినదని చెప్పబడిన వృద్ధురాలు, 2016లో కట్టెలపొయ్యిమీద వంటచేసి చూపుట మొదలుపెట్టి, 2018 డిసెంబరులో మరణించునాటికి పది లక్షలకు మించిన చందాదారులను సంపాదించుకొనెను. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో 2012న మొదలైన ‘మై విలేజ్ షో’ మూలమున మిల్కూరి గంగవ్వ యిల్లిల్లు నెఱిగిన పేరయ్యెను. వీరు పట్టణపు మాటను అనుకరింపలేదు. తమ యూరిమాటనే మాటలాడిరి. పలుకుబడి యను పదమునకుగల రెండర్థములు వీరియందు ఒక్కటైనవి.

సోమలకు చేరువయైన పుంగనూరు విషయమున నీ ప్రభావము మఱియొక రూపమున కనబడును. పుంగనూరు ఆవు పొట్టిజాతి. ఎత్తు సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లు మాత్రమే. దీని పాలలో వెన్న హెచ్చని ప్రసిద్ధి. సంకరజాతుల వ్యాప్తివలన నిది క్షీణించి యరుదయ్యెను. పలమనేరునందలి పశుపరిశోధన స్థానము దీనిని కాపాడుటకు పూనుకొనెను. ఇట్లు దశాబ్దములు సాగిన పరిశోధనను ఎఱిగినవారు కొలదిమంది. 2024 జనవరిలో సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున నీ యావులకు మేత పెట్టిన చిత్రములు సామాజిక మాధ్యమములందు వ్యాపింపగా, దేశమంతట పుంగనూరు పేరు మారుమ్రోగెను. ఒక్క దినపు చిత్రము చేసిన ప్రచారమును ఏండ్ల పరిశోధన చేయలేకపోయెను. అయితే చిత్రము చూచినవానికి ఆవు ముద్దుదనము తెలిసినదే గాని, జాతిలక్షణమేదో, సంకరమేదో తెలియలేదు. పొట్టిదైన ప్రతి యావును పుంగనూరు ఆవని నమ్మువాడు మోసపోవుటకు దారి యేర్పడును. ప్రసిద్ధి వేఱు, ప్రమాణము వేఱు అనుటకు నిది చక్కని యుదాహరణము.

ఈ భేదమునకు కారణము యంత్రపు పద్ధతిలోనే కలదు. బ్లాగుల కాలమున పాఠకుడు తాను కోరిన పుటకు తానే పోయెడివాడు. సామాజిక మాధ్యమములందు ఏది ముందు చూపవలెనో యంత్రమే నిర్ణయించును. జనులు దేనియొద్ద హెచ్చుసేపు నిలుతురో, దేనిని హెచ్చుగా పంచుకొందురో దానినే ముందునకు తెచ్చును. సంపాదకుని ద్వారము పోయినదనుట సగమే నిజము. ద్వారమున క్రొత్త కావలివాడు నిలిచినాడు. పాతవాడు బాగోగుల నడిగెడివాడు. క్రొత్తవాడు లెక్కల నడుగును.

ఇంతకంటె గొప్ప సంకటము నిలుకడ లేమి. ‘జియోసిటీసు’ 2009లో మూతపడెను. బ్లాగుల నొకచోట చదువుకొనుటకు తోడ్పడిన ‘గూగుల్ రీడరు’ 2013 జూలైలోను, తెలుగు యువకులు మూగిన ‘ఆర్కుటు’ 2014 సెప్టెంబరులోను అంతరించెను. 2020 జూన్ 29న ‘టిక్‌టాకు’ భారతదేశమున నిషేధింపబడగా, దానియందు పేరొందిన పల్లెటూరి కళాకారుల శ్రమ యొక్క దినమున మాయమయ్యెను. తెలుగు బ్లాగులందు పెక్కింటి లంకెలు నేడు శూన్యమునకు దారితీయుచున్నవి. యంత్రము లిపినే తడబడజేసిన సందర్భమును గలదు: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను సంయుక్తాక్షరపు ఒకానొక కూర్పును చూపజాలక ఐఫోనులు స్తంభించినవి, కొన్ని దినములలో దిద్దుబాటు జరిగెను. 2011 జనాభా లెక్కల ప్రకారము ఎనిమిది కోట్లకు మించిన తెలుగువారి యక్షరము అన్యదేశపు సంస్థ సవరింపునకై కాచుకొనవలసి వచ్చెను.

1820లో కడపకు వచ్చిన బ్రౌను తాళపత్రములు చెదలపాలగుచుండుటను చూచి, వ్రాయసకాండ్రను నియమించి ప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ప్రకటించెను. ఆ పద్యములు అంతకుముందే జనుల నోళ్లలో నాడుచున్నవి. వానికి పలుకుబడికి కొఱత లేదు. కొఱత భద్రతయందే. నేటి తెలుగు వ్రాతకు కలిగిన స్థితియు నిట్టిదే. వికీమూలమువంటి స్థలములందు గ్రంథములను యూనీకోడులో భద్రపఱచు పని కొందఱు స్వచ్ఛందులు చేయుచున్నారు. బ్లాగులయందు వెలువడిన స్థానిక చరిత్రలను, యాసల పదములను, వంటల వివరములను, వ్రాసినవారి యనుమతితో తేదీలతో సహా వేఱొకచోట ప్రతి దీసి యుంచుట, కాగితముమీదను అచ్చొత్తించుట ఇంకను జరుగవలసిన పని.

పాఠశాలల పండితులకు నిందు ప్రత్యేకాధికారము గలదు. సోమలవంటి యూళ్ల విద్యార్థులు చేతిలోని ఫోనుతో తమ యూరి మాటలను, పేరులను, కథలను వ్రాసి ప్రకటింపగలరు. ఆ వ్రాతకు ఆధారము చూపుట, విన్నదియు కన్నదియు వేఱుచేయుట, తేదీ వేయుట, ప్రతి నుంచుట అనునవి వారికి నేర్పినచో, యంత్రము నేడు ముందునకు తెచ్చి ఱేపు మఱచినను ఆ మాట నష్టము కాదు. పలుకుబడి పెంచుకొనుటకు మార్గములు నేర్పువారు పెక్కుమంది యున్నారు. పలికిన మాటను నిలుపుట నేర్పుటయే పండితుల పని.