ఎలుకల గదిలో పురుగుల మందు: నూరేళ్ల సింహావలోకనం

కోపెన్‌హాగెన్ వైద్యుడు యోహానెస్ ఫిబిగర్ 1907లో మూడు ఎలుకల కడుపుల్లో కణుతులు చూశాడు. వాటిలో సన్నని నులిపురుగులున్నాయి. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో తేల్చడానికి వెయ్యికి పైగా ఎలుకల్ని కోసి చూసినా జాడ దొరకలేదు. చివరికి అదే నగరంలోని ఒక చక్కెర కర్మాగారంలో దొరికింది. ఎలుకలతో పాటు బొద్దింకలూ కుప్పలుగా ఉన్న చోటది. ఆ నులిపురుగు పిల్లలు బొద్దింక ఒంట్లో ఎదిగి, దాన్ని తిన్న ఎలుకలోకి చేరతాయి. 1913లో ఫిబిగర్ ఈ సంగతి ప్రకటించాడు, 1926వ సంవత్సరపు నోబెల్ అందుకున్నాడు. ఆ కణుతులు క్యాన్సర్ కావని, తిండిలో విటమిన్ ఎ లోపమే వాటికి ముఖ్య కారణమని తర్వాతివాళ్లు తేల్చారు. అలా క్యాన్సర్ సిద్ధాంతం వీగిపోయినా బొద్దింక సంగతి మాత్రం నిలబడింది. జంతుశాలలో తిరిగే కీటకం ప్రయోగం ఫలితాన్ని మార్చగలదని శాస్త్రలోకం నేర్చుకున్న తొలి పాఠాల్లో అదొకటి.

ఆనాటి ఎలుకలు చెక్కపెట్టెల్లో, గడ్డి పరుపు మీద పెరిగేవి. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులకు ఎలుకలమ్మిన ఆబీ లాత్రోప్ పెంపకం కూడా అలాంటిదే. చెక్క అతుకుల్లో నల్లులు, గింజల్లో పిండిపురుగులు, కాలువల్లో బొద్దింకలు ఉండటం మామూలే. లోహపు బోనులు, ఆ తర్వాత ప్లాస్టిక్ బోనులు వచ్చాక కీటకాలు దాక్కునే సందులు చాలావరకు మూసుకుపోయాయి. ఏ మందూ చేయనంత మేలు ఈ మార్పు చేసిందని నా నమ్మకం.

అయితే ఆ రోజుల్లో అందరి చూపూ మందుల మీదే. డీడీటీకి కీటకాల్ని చంపే శక్తి ఉందని పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టాడు, 1948లో నోబెల్ పొందాడు. యుద్ధం ముగిశాక క్లోర్డేన్ వంటి మందులు ఇళ్లలోకీ, గిడ్డంగుల్లోకీ, జంతుశాలల్లోకీ వచ్చాయి. ఒకసారి చల్లితే నెలల తరబడి పనిచేయడమే వాటి గొప్ప అనుకున్నారు.

ఈ నూరేళ్ల కథలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే ఘట్టం ఇక్కడే వస్తుంది. అయోవా విశ్వవిద్యాలయంలో లారీ హార్ట్, జేమ్స్ ఫౌట్స్ ఎలుకలకు హెక్సోబార్బిటాల్ అనే నిద్రమందు ఇచ్చి చూస్తున్నారు. ఎలుక మత్తులోకి జారగానే వెల్లకిలా పడుకోబెడతారు. తనంతట తాను బోర్లా తిరిగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకుంటారు. ఉన్నట్టుండి ఎలుకలు తొందరగా లేవడం మొదలుపెట్టాయి. మందూ మారలేదు, మోతాదూ మారలేదు. ఆరా తీస్తే ఎలుకల గదుల్లో క్లోర్డేన్ చల్లారని తేలింది. మందుల్ని విరిచేసే ఎంజైములను అది కాలేయంలో పెంచేసింది. 1963లో ఈ ఫలితం అచ్చయింది. పురుగుల కోసం చల్లిన మందు ఎవరూ ఇవ్వకుండానే ఎలుకలకు అందింది! అంతకుముందు ఇలాంటి గదుల్లో జరిగిన మందుల పరీక్షల్లో ఎన్నిటి అంకెలు తప్పాయో ఇప్పుడెవరూ లెక్క తేల్చలేరు. ఆ ఆలోచన వస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ అంకెల కోసం ప్రాణాలు పోయాయి.

సహజమైనదైతే హాని ఉండదన్న భ్రమ కూడా ఎక్కువకాలం నిలవలేదు. దేవదారు జాతి చెక్కపొట్టు వాసనకు పురుగులు దూరంగా ఉంటాయని చాలామంది ఎలుకల కింద పరిచేవారు. ఆ పొట్టు కూడా కాలేయ ఎంజైములను పెంచి నిద్ర సమయాన్ని తగ్గిస్తుందని 1967లో ఎలియట్ వెసెల్ చూపించాడు.

1990ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగినది ఇంకా విచిత్రం. ఆల్ఫ్రెడ్ షింకెల్ బృందం ఒక జన్యువును తొలగించిన చిట్టెలుకల్ని పెంచుతోంది. వాటి బొచ్చులో మైట్లు పట్టాయి. ఇవి కీటకాలు కావు, సాలీళ్లకు చుట్టాలు, కానీ జంతుశాలకు బెడద ఒకటే. వాటికి వాడుకగా కొట్టే ఐవర్‌మెక్టిన్ కొట్టారు. మామూలు చిట్టెలుకలు క్షేమంగా ఉన్నాయి, జన్యువు లేనివి చచ్చిపోయాయి. మెదడులోకి మందులు చొరబడకుండా కాచే ప్రోటీన్‌ను తయారుచేసేది ఆ జన్యువేనని అలా బయటపడి, 1994లో పెద్ద ఆవిష్కరణ అయింది. విజ్ఞానానికి మేలే జరిగింది గానీ, ఆ చిట్టెలుకల్ని చంపింది వాటికి చేసిన వైద్యమే.

ఈలోగా పద్ధతులు మెల్లగా మారాయి. మందు తప్పనిసరైతేనే, అదీ పరిశోధకులకు ముందే చెప్పి వాడాలన్న నియమం బలపడింది. 1963లో మొదటిసారి వచ్చి 2011 నాటికి ఎనిమిదో కూర్పుకు చేరిన అమెరికా ప్రయోగశాల జంతువుల సంరక్షణ మార్గదర్శిలో ఆ మాట స్పష్టంగా ఉంది. గోడ సందుల్లో బోరిక్ పౌడర్, సింకు కింద జిగురు అట్టలు, చిన్న ఎరలు వాడుకలోకి వచ్చాయి. బోరిక్ పౌడర్ మీద నడిచిన బొద్దింక కాళ్లనూ మీసాలనూ నోటితో శుభ్రం చేసుకుంటూ దాన్ని మింగుతుంది. గాలిలో ఏమీ కలవదు కాబట్టి బోనులోని ఎలుకకు అది చేరదు. అయితే బొద్దింకలూ ఊరుకోలేదు. తీపి ఎరలను ముట్టని బొద్దింకల గురించి 1993లో నివేదిక వచ్చింది. వాటికి గ్లూకోజ్ చేదుగా తగులుతోందని 2013లో తేలింది.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల పని ఇంకా కష్టం. తొలకరి పడగానే కాలువల్లోని బొద్దింకలు పైకొస్తాయి, మేత బస్తాల్లో పురుగు పడుతుంది. ఇలాంటి చోట మేతను పొడిగా నిలవ చేసి, కాలువలకు జాలీ బిగించి, వారం వారం అట్టలు తిప్పి అంటుకున్నవాటిని లెక్కపెట్టే సిబ్బంది శ్రమే అసలు రక్షణ. ఏ మందు, ఏ గదిలో, ఏ తేదీన వాడారో వాళ్లు రాసిన పుస్తకాన్ని, ఆ గది ఎలుకలతో పనిచేసే ప్రతి పరిశోధకుడూ ఫలితాలు చూసే ముందే అడిగి తెప్పించుకోవాలి.