చామంతి: ఎండాకాలం దాటించడం, పిలకలు వేరుచేయడం

మరాఠీవాళ్లు శేవంతి అనే చామంతి మన విడీ ఘర్కుల్‌లో ఇళ్ల ముందు డబ్బాల్లో, పాత బకెట్లలో కనిపిస్తూనే ఉంటుంది. చాలా ఇళ్లలో అది ఒక్క ఏడాది పూసి మే నెల ఎండకు చచ్చిపోతుంది. దసరాకు మళ్లీ కొత్త మొక్క కొంటారు. పెద్దలు ఊరి నుంచి తెచ్చుకున్న నాటు రకం పోతే మాత్రం నర్సరీలో దొరకడం కష్టం.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పూల గుత్తి. ముద్ద రకాల్లో గింజ సరిగా కట్టదు, కట్టినా తల్లి పోలిక రాదు. అందుకని పిలకలతోనో కొమ్మ ముక్కలతోనో పెంచాలి.

పూలు అయిపోయాక, జనవరి ప్రాంతంలో, కాడలను మట్టికి బెత్తెడు పైన కోసేయండి. కొన్ని వారాల్లో మొదట్లో పిలకలు లేస్తాయి. వాటిని వేళ్లతో సహా విడదీసి వేరే కుండీల్లో పెట్టాలి. మన నల్లరేగడి ఒక్కటే వేస్తే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మూడో వంతు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి.

అసలు గండం ఏప్రిల్, మే నెలలు. సోలాపూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నల్లా నీళ్లు రోజూ రావు. కుండీలను తూర్పు గోడ వారకు మార్చి, ఉదయపు ఎండ మాత్రం తగలనివ్వండి. బీడీలు చుట్టే ఇళ్లలో తునికాకు కత్తిరింపులు ఎలాగూ మిగులుతాయి, మట్టి మీద పరిస్తే తేమ తొందరగా ఆరదు. పూలు లేవని ఆ రెండు నెలలు కుండీని పట్టించుకోకపోవడం వల్లే మొక్కలు పోతున్నాయి.

వానలు పడ్డాక జూన్, జూలైలో లేత కొనలను రెండు మూడు అంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. నాటిన నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆగస్టు సగం దాటాక తుంచకూడదు, మొగ్గ ఆలస్యమవుతుంది. పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

మొక్క ఏపుగా ఉండి పూయకపోతే ముందు వీధి దీపం చూడండి. చామంతి రాత్రి పొడవును బట్టి మొగ్గ వేస్తుంది. రాత్రంతా ట్యూబులైటు పడే చోట దానికి రాత్రి అయినట్టే ఉండదు. ఎరువు ఎంత వేసినా లాభం లేదు, కుండీని చీకటి మూలకు జరపాలి. అయినా నాటు రకాలు చాలావరకు కార్తీకంలోనే విరగబూస్తాయి. బతుకమ్మకు అందాలంటే ముందు పూసే రకం ఒకటి వేరుగా పెట్టుకోవాలి.

ఒకే రకాన్ని రెండు మూడు ఇళ్లలో పెంచితే ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది. ఇచ్చేటప్పుడు రంగు, ఏ ఊరి నుంచి వచ్చిందీ చీటీ రాసి కట్టండి. గుమాస్తా పని చేసిన మాకు చీటీ లేనిదే తోచదు మరి! పిలక వేళ్లకు తడి గుడ్డ చుడితే ఊరి నుంచి బస్సులో వచ్చినా వాడదు.