కోరంగి

కోరంగి కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలోని గ్రామం. 2022లో జిల్లాలను విడదీసే వరకు తూర్పు గోదావరిలో ఉండేది. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, గోదావరి శాఖ గౌతమి నుంచి చీలిన కోరంగి పాయ ఒడ్డున ఉంది. భక్తులకు ఈ పాయ ఆత్రేయ. చొల్లంగిలో మొదలై అంతర్వేదిలో ముగిసే సప్తసాగర యాత్రలో ఇక్కడి స్నానం ఒకటి.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇది పేరున్న ఓడరేవు. నైరుతి గాలులకు తీరమంతా అల్లకల్లోలమయ్యే నెలల్లోనూ ఇక్కడి నీరు నిలకడగా ఉండేది. అందుకే దెబ్బతిన్న ఓడలు బాగుచేయించుకోవడానికి ఈ రేవు పట్టేవి. చుట్టూ యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు, జగన్నాథపురంలో డచ్చివారు కాచుకొని ఉండేవారు. వారందరినీ ఇక్కడికి రప్పించింది గోదావరి సీమ నేతబట్ట. 1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడాక ఈ తీరం మీద ఇంగ్లీషువారి పట్టు బిగిసింది. 1802లో ఎబెనెజర్ రోబక్ ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. తాళ్ళరేవు వడ్రంగులు చెక్క ఓడలు కట్టడంలో ఆరితేరినవారు. ఆ పనితనం తరతరాలుగా నిలిచింది.

1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటిది వీధుల్లోకి నీరు తెచ్చింది, రెండోది పల్లపు నేలనంతా ముంచింది, మూడోది మిగిలినదాన్ని ఊడ్చేసింది. లంగరు వేసిన ఓడలు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. కలకత్తాలో తుపానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఉప్పెన గురించి ప్రత్యేకంగా రాశాడు. 1839 నవంబరులో మళ్ళీ అలాంటిదే వచ్చింది. దాంట్లో మూడు లక్షల మంది పోయారని చాలా పుస్తకాలు రాస్తాయి. అప్పటి ఈ తీరపు జనసంఖ్యను తలచుకుంటే ఆ లెక్క నమ్మశక్యంగా లేదు. నష్టం ఘోరమన్నది మాత్రం నిజం.

అయినా రేవును చంపింది ఉప్పెనలు కావు, పూడిక. గోదావరి ఏటేటా తెచ్చిపోసిన ఒండ్రు పాయ ముఖద్వారంలో మేటలు వేసింది. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. వ్యాపారం కాకినాడకు తరలింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల మన పత్తికి గిరాకీ పెరగడంతో కాకినాడ ఇంకా ఎదిగింది, కోరంగి పల్లెగా మిగిలింది.

ఊరి పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలనేవారు, వారు ఏ ఊరివారైనా సరే. ఇక్కడివారి మాటల్లో బర్మా వెళ్ళడమంటే రంగం, అంటే రంగూన్, వెళ్ళడం. రంగూన్ రేవులో బరువులు మోసినవారిలో తెలుగువారే ఎక్కువ. 1930 మేలో వారు సమ్మె చేస్తే బదులుగా బర్మావారిని పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ బర్మావారిని తీసేయడంతో గొడవలు రేగి ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు వేలమంది అడవుల వెంట కాలినడకన తిరిగొచ్చారు.

రేవును పూడ్చిన ఒండ్రులోనే మడ, తిల్ల చెట్లు వేళ్ళూనాయి. 1978లో ప్రభుత్వం ఇక్కడి మడ అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నీటి పిల్లులు, నీటి కుక్కలు ఇందులో ఉంటాయి. ఉప్పెన వస్తే అలల ఉద్ధృతిని ముందుగా తట్టుకునేది ఈ చెట్లే.

ఓడరేవు చరిత్ర కొంతవరకు ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఉంది. రంగం వెళ్ళినవారి చరిత్ర ఎక్కువగా ఇళ్ళలోనే ఉంది. తాతల నాటి ఉత్తరాలు, ఫొటోలు దాచుకున్న కుటుంబాలు వాటి నకళ్ళు తీసి దగ్గరలోని గ్రంథాలయానికి అందజేయాలి.