ఒక్క ఓటుతో కూలిన సర్కారు

1999 ఏప్రిల్ 17. ప్రధాని అటల్ బిహారీ వాజపేయి కోరిన విశ్వాస ఓటుపై లోక్‌సభలో ఓటింగ్ ముగిసింది. స్పీకర్ స్థానంలో ఉన్న అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి ఫలితం ప్రకటించారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. పదమూడు నెలల ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

అంతకు మూడు రోజుల ముందు అన్నాడీఎంకే అధినేత్రి జయలలిత మద్దతు ఉపసంహరించారు. సభలో బలం నిరూపించుకోవాలని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ సూచించారు. తెలుగుదేశం వాజపేయికి అండగా నిలిచింది. బీఎస్పీ వ్యతిరేకంగా ఓటేసింది. నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పార్టీ విప్‌ను ధిక్కరించారు.

అన్నిటికన్నా ఎక్కువ వివాదం రేపింది గిరిధర్ గమాంగ్ ఓటు. ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఆయన కోరాపుట్ ఎంపీ పదవిని వదులుకోలేదు. ఓటేయాలా వద్దా అన్నది బాలయోగి ఆయన అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఓటు పడకపోతే రెండు పక్షాలూ సమానమయ్యేవి. అప్పుడు రాజ్యాంగం ప్రకారం నిర్ణాయక ఓటు స్పీకర్‌దే. అంటే దేశ ప్రభుత్వ భవితవ్యాన్ని ఓ కోనసీమ బిడ్డ తేల్చాల్సి వచ్చేది.

మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకు జవాబుదారీ అని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వం తానే బలం చూపుకుంటే విశ్వాస తీర్మానం, విపక్షం సవాలు చేస్తే అవిశ్వాస తీర్మానం. 1963లో నెహ్రూపై కృపలానీ తెచ్చిన తొలి అవిశ్వాసం 62-347 తేడాతో వీగిపోయింది. లోక్‌సభలో ఇంతవరకు ఏ అవిశ్వాస తీర్మానమూ నెగ్గలేదు. 1990లో వీపీ సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజపేయి ఓడింది విశ్వాస తీర్మానాల్లోనే.

ఒక్క ఓటు విలువ తెలుగువారికి అంతకు ముందే తెలుసు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో, మద్యనిషేధంపై రేగిన వివాదం నడుమ, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానానికి ఒక్క ఓటు తేడాతోనే కూలింది.

మళ్లీ 1999కి వస్తే, ఓటింగ్ జరిగిన రోజే వాజపేయి రాజీనామా చేశారు. మరో ప్రభుత్వం ఏర్పడక ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. కార్గిల్ యుద్ధం ఆపద్ధర్మ ప్రభుత్వ హయాంలోనే జరిగింది. ఆ ఏడాది ఎన్నికల్లో ప్రజలు వాజపేయినే మళ్లీ గెలిపించారు. సర్కారును దించే అధికారం సభది, తుది తీర్పు ప్రజలది. అందుకే మనం గెలిపించిన ప్రతినిధి విశ్వాస పరీక్ష రోజున ఎటు ఓటేశాడో, ఎందుకు వేశాడో అడిగి తెలుసుకోవడం ప్రతి ఓటరు బాధ్యత.